అరికాల్లో పులిపిరి ఎందుకంత మొండిది?

అరికాల్లో గట్టిగా, నడిస్తే గుచ్చుకునేలా ఏదైనా వచ్చిందంటే మన ఇళ్లలో దానికి ఒకటే పేరు: ఆనె. మెడికల్ షాపులో చెబితే కార్న్ క్యాప్ చేతిలో పెడతారు. అది అంటించుకుంటే పై తోలు తెల్లగా నాని ఊడుతుంది, నాలుగు రోజులు హాయిగా ఉంటుంది, మళ్లీ మొదలవుతుంది. ఆ తర్వాత బ్లేడు వంతు. స్నానం చేశాక తోలు మెత్తబడుతుంది కదా, అప్పుడు పీట వేసుకుని కూర్చుని కొంచెం కొంచెంగా చెక్కడం, రక్తం వస్తే పసుపు అద్దడం. ఇలా ఏడాదో రెండేళ్లో లాక్కొచ్చి, ఒకటి కాస్తా ఐదారయ్యాక చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లేవాళ్లు తక్కువేం కాదు. తీరా చూస్తే అది ఆనె కాదు, పులిపిరి అని తేలుతుంది.

చేతి వేళ్ల మీద వచ్చే పులిపిర్లను ఎవరైనా గుర్తుపడతారు. గరుకుగా, పైకి లేచి ఉంటాయి. అరికాల్లో వచ్చేదానికి పైకి పెరిగే వీలు ఉండదు. ఒంటి బరువంతా మీద పడుతుంటే లోపలికి అణిగిపోతుంది, దాని చుట్టూ, పైన తోలు దళసరెక్కుతుంది. అందుకే చూడ్డానికి ఆనెలాగే ఉంటుంది. డాక్టర్లు ప్లాంటార్ వార్ట్ అని రాసేది దీన్నే. ఒక్కోసారి చిన్నచిన్నవి బోలెడు పక్కపక్కనే పుట్టి ఒకే పలకలా కలిసిపోతాయి. ఆ రకానికి మొజాయిక్ వార్ట్ అని పేరు, అన్నిటిలోకీ మొండిది అదే.

ఆనె రాపిడి వల్ల వస్తుంది. చెప్పు ఒరుసుకునే చోట, ఎముక పొడుచుకొచ్చిన చోట, రోజంతా నిలబడి పనిచేసేవాళ్లకు బరువు ఎక్కువగా పడే చోట పుడుతుంది. చెప్పు మారిస్తే, ఒత్తిడి తీసేస్తే తగ్గుతుంది. పులిపిరి వైరస్ వల్ల వస్తుంది కాబట్టి ఎన్ని చెప్పులు మార్చినా దానికి ఫరక్ పడదు. ఒత్తిడి పడని పాదం మధ్య వంపులో కూడా రావచ్చు.

తేడా తెలుసుకోవడానికి మంచి వెలుతురులో పాదాన్ని తిప్పి చూడండి. అరికాలి మీద వేలిముద్రల్లో ఉన్నట్టే సన్నటి గీతలు వరసగా సాగుతుంటాయి. రాపిడితో తోలు మందమైన చోట కూడా ఆ గీతలు కనిపిస్తూనే ఉంటాయి. పులిపిరి దగ్గరికి వచ్చేసరికి తెగిపోతాయి, లేదా పక్కకు తప్పుకుని దాని చుట్టూ తిరిగి వెళ్తాయి. పై తోలు కొంచెం అరిగాక లోపల మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు కనబడితే అనుమానం ఇంకా బలపడుతుంది. మూడో ఆనవాలు నొప్పి. బొటనవేలితో నేరుగా నొక్కినప్పుడు ఎక్కువ నొప్పి పుడితే ఆనె, రెండు వేళ్ల మధ్య పట్టి పక్కల నుంచి పిండినప్పుడు జివ్వుమంటే పులిపిరి. ఈ మూడూ ప్రతిసారీ కచ్చితంగా కలుస్తాయని చెప్పలేం. సందేహం ఉంటే డెర్మటాలజిస్టు చర్మాన్ని పెద్దది చేసి చూపే డెర్మోస్కోప్ పెట్టి చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

ఆ నల్ల చుక్కల గురించి ఇంకొంచెం చెప్పాలి, బ్లేడు పట్టుకునేలా చేసేది అవే కాబట్టి. అవి పులిపిరి వేళ్లని, వేళ్లతో సహా పెకలిస్తే తప్ప పోదని చాలామంది నమ్ముతారు. పులిపిరికి వేళ్లు లేవు. అది చర్మం పై పొరలోనే పుట్టి అక్కడే పెరుగుతుంది. కింది పొరను లోపలికి నొక్కుతుందే గానీ దాన్ని దాటి వెళ్లదు. కింది పొర నుంచి పైకి సాగి పులిపిరికి రక్తం అందించే అతి సన్నని నాళాల చివర్లలో గడ్డకట్టిన రక్తమే నల్లగా కనిపిస్తుంది. బ్లేడు తగలగానే సూదిమొన ఆకారంలో అక్కడక్కడా రక్తం చిమ్మేది కూడా ఆ నాళాలు తెగడం వల్లే. తెగిన చోటల్లా చర్మానికి గాటు పడినట్టు, ఆ బ్లేడు మీద వైరస్ ఉన్నట్టు. కొత్త పులిపిరికి అంతకు మించి ఏమీ అక్కర్లేదు. ఒకటి ఐదారయ్యేది ఇలాగే.

శరీరానికి కబురు అందకపోవడమే అసలు సమస్య

పులిపిరి అంటుకునేదని, కారణం కంటికి కనిపించని సూక్ష్మజీవి అని 1907లో జుసెప్పె చుఫో అనే ఇటలీ వైద్యుడు చూపించాడు. పులిపిరిని నూరి, బ్యాక్టీరియా కూడా దూరలేని వడపోత గుండా పంపి, ఆ ద్రవాన్ని తన చర్మంలోకే ఎక్కించుకున్నాడు. పులిపిరి వచ్చింది. ఆ వైరస్‌కు ఇవాళ ఉన్న పేరు హ్యూమన్ పాపిలోమా వైరస్, పొట్టిగా హెచ్‌పీవీ. ఇందులో 200కు పైగా రకాలున్నాయి. అరికాళ్లకు వచ్చేవి ముఖ్యంగా 1, 2, 4, 27, 57 రకాలు.

ఇక్కడే చాలామందికి టెన్షన్ పట్టుకుంటుంది. హెచ్‌పీవీ అని గూగుల్‌లో కొట్టగానే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గురించి వస్తుంది. ఆ క్యాన్సర్‌కు ప్రధాన కారణం 16, 18 వంటి వేరే రకాలు. అవి లైంగిక సంపర్కం ద్వారా సోకుతాయి. అరికాలి పులిపిరి రకాలకూ వాటికీ ఇంటిపేరు ఒక్కటే, అంతే. పాదంలో పులిపిరి ఉన్నంత మాత్రాన మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లు క్యాన్సర్ గురించి బెంగపడనక్కర్లేదు, పిల్ల కాలికి వచ్చిందని తల్లిదండ్రులు సిగ్గుపడాల్సిన పని అంతకన్నా లేదు. అమ్మాయిలకు వేసే హెచ్‌పీవీ టీకా ఈ పాదాల రకాలను ఉద్దేశించింది కాదు కాబట్టి, టీకా వేయించాం కదా, పులిపిరి ఎలా వచ్చిందనే ప్రశ్నకూ జవాబు ఇదే.

ఈ వైరస్ మొండితనమంతా అది బతికే పద్ధతిలో ఉంది. పాదంలో కంటికి ఆనని చిన్న పగులు ద్వారా దూరి, పై పొరలో అన్నిటికన్నా అడుగున ఉండే కణాలను చేరుతుంది. ఆ కణాలు పుడుతూ, పైకి జరుగుతూ, చివరికి ఎండి రాలిపోవడం చర్మంలో రోజూ జరిగే పని. వైరస్ ఆ ప్రయాణంలోనే ఎక్కి కూర్చుంటుంది. కింద ఉన్నంతసేపు దాదాపు నిద్రలో ఉండి, ఎలాగూ రాలిపోబోయే పై కణాల్లోకి వచ్చాకే తన పిల్లల్ని తయారుచేసుకుంటుంది. కణాన్ని పగలగొట్టదు, చీము పట్టించదు, జ్వరం తెప్పించదు, రక్తంలోకి దిగదు. మన రోగనిరోధక వ్యవస్థ ఎక్కువగా రక్తం, శోషరసం తిరిగే చోట కాపలా కాస్తుంది. పై పొరకు సొంత రక్తనాళాలే ఉండవు. కాబట్టి శత్రువు వచ్చి నెలలు గడిచినా శరీరానికి కబురే అందదు. ఇంత దళసరి తోలున్న అరికాల్లో అయితే మరీనూ.

ఏదో ఒక రోజు కబురు అందుతుంది. అందిన తర్వాత పులిపిరి వేగంగా పోతుంది, ఒక్కోసారి అన్నీ ఒకేసారి పోతాయి. పులిపిరి పోయిందంటే శరీరం దాన్ని గుర్తుపట్టిందని అర్థం. మందులు, యాసిడ్లు, ఇంజెక్షన్లు చాలావరకు చేసేది ఆ గుర్తింపును తొందరపెట్టడం, ఈలోగా పులిపిరి మందాన్ని తగ్గించడం. నేరుగా ఈ వైరస్‌ను చంపే మాత్ర ఇప్పటివరకు లేదు. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే ఏ వైద్యానికి ఎంత డబ్బు, ఎంత నొప్పి భరించవచ్చో ఎవరికి వారే తేల్చుకోగలరు.

పిల్లల్లో ఈ గుర్తింపు త్వరగా జరుగుతుంది. సుమారు సగం మందికి ఏడాదిలో, మూడింట రెండు వంతుల మందికి రెండేళ్లలో ఏ వైద్యమూ లేకుండానే పోతాయి. పెద్దవాళ్లలో ఆలస్యం, కొందరికి ఏళ్ల తరబడి ఉండిపోతాయి. అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో ఇంకా మొండిగా ఉంటాయి.

వాటంతటవే పోయే గుణం ఉండటం వల్లే పులిపిరికి ఉన్నన్ని చిట్కాలు మరే జబ్బుకూ లేవు. తమిళనాడులోని వైదీశ్వరన్ కోయిల్‌లో ఉప్పు, మిరియాలు సమర్పించుకుని మొక్కు తీర్చుకునేవాళ్లున్నారు. వెల్లుల్లి రుద్దేవాళ్లున్నారు, అరటి తొక్క కట్టేవాళ్లున్నారు. ఏది చేసిన నెలలో పోతే దానికే పేరొస్తుంది. మొక్కుతోనూ వెల్లుల్లితోనూ నాకు పేచీ లేదు. నల్లజీడి గింజ రసం, సున్నంలో సోడా కలిపి పెట్టడం, బాత్రూమ్ కడిగే యాసిడ్ చుక్క వేయడం మాత్రం వేరే సంగతి. జీడి రసం చర్మాన్ని కాల్చి బొబ్బలెక్కిస్తుంది, కొందరికి పాదమంతా ఎలర్జీ పాకుతుంది. పులిపిరితో నడవగలిగిన మనిషి ఆ పుండుతో వారాలపాటు నడవలేకపోవచ్చు.

హోమియోలో తూజా పేరు వినని తెలుగు ఇల్లు ఉండదు. కెనడాలో అచ్చంగా అరికాలి పులిపిర్ల మీదే జరిపిన ఒక పరీక్ష ఫలితాలు 1992లో వెలువడ్డాయి. తూజాతో సహా మూడు హోమియో మందులు వాడినవాళ్లకూ, మందు లేని ఉత్త మాత్రలు వేసుకున్నవాళ్లకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఇంట్లో చేయదగిన వైద్యం ఒకటి ఉంది

అది సాలిసిలిక్ యాసిడ్. చవకైనది, ఎక్కువగా పరీక్షించినది, నొప్పి తక్కువ. మందుల షాపులో సుమారు 17% సాలిసిలిక్ యాసిడ్, అంతే లాక్టిక్ యాసిడ్ కలిపిన జిగురు ద్రవంగా చిన్న సీసాలో దొరుకుతుంది. కార్న్ క్యాప్‌లో ఉండేది కూడా ఇదే యాసిడ్, 40% దాకా. మరి కార్న్ క్యాప్ పెట్టినా ఎందుకు పోలేదంటే, నాలుగు రోజులు పెట్టి మానేస్తాం కాబట్టి. ఇది పన్నెండు వారాల పని.

రాత్రి పడుకునే ముందు పాదాన్ని గోరువెచ్చని నీళ్లలో ఐదు, పది నిమిషాలు నాననివ్వాలి. తుడిచి బాగా ఆరనివ్వాలి. గోళ్ల ఫైలుతోనో, గరుకు కాగితంతోనో పైన తెల్లబడిన చచ్చు తోలును మెల్లగా అరగదీయాలి. రక్తం వచ్చేదాకా కాదు, గులాబీ రంగు తోలు తగిలేదాకా కూడా కాదు, తెల్లటి పొడి రాలినంత వరకే. ఆ ఫైలు మరి దేనికీ వాడకూడదు, ఇంట్లో అందరూ మడమలు రుద్దుకునే రాయిని దీనికి అసలు వాడకూడదు. తర్వాత పులిపిరి చుట్టూ ఉన్న మంచి చర్మానికి వేసిలిన్ రాసి, సరిగ్గా పులిపిరి మీదే చుక్క వేసి, ఆరి తెల్లటి పొరలా అయ్యాక ప్లాస్టర్ అంటించాలి. ఆ ద్రవం ఇట్టే మంటలు అంటుకునే రకం, దీపం దగ్గరా స్టవ్ దగ్గరా సీసా మూత తీయొద్దు. మరుసటి రాత్రి మళ్లీ ఇదే.

మూడు, నాలుగు వారాలకు నిరుత్సాహం వస్తుంది. పైపైన పోయినట్టే ఉంటుంది, వేలితో తడిమితే నున్నగా తగులుతుంది. చాలామంది అక్కడే ఆపేస్తారు. ఆపవచ్చో లేదో చెప్పేది మొదట చూసుకున్న గీతలే. నల్ల చుక్కలన్నీ పోయి, చర్మం గీతలు ఆ చోటు మీదుగా తెగకుండా సాగితేనే పని అయినట్టు. మధ్యలో చర్మం ఎర్రబడి మంట పుడితే రెండు మూడు రోజులు ఆపి, తగ్గాక మళ్లీ మొదలుపెట్టవచ్చు. ముఖం మీద, మర్మాంగాల దగ్గర ఈ మందు వాడకూడదు.

పులిపిరి మీద డక్ట్ టేప్ అనే దళసరి జిగురు టేపు అంటించి ఉంచితే పోతుందని 2002లో అమెరికాలో ఒక చిన్న అధ్యయనం వచ్చింది, ఇప్పటికీ వీడియోల్లో తిరుగుతోంది. తర్వాత పిల్లల మీద ఒకసారి, పెద్దల మీద ఒకసారి జరిపిన పరీక్షల్లో ఆ ప్రయోజనం నిలబడలేదు.

డాక్టరు చేతిలో ఉన్నవి

క్రయోథెరపీ అంటే సున్నాకు 196 డిగ్రీల దిగువన మరిగే ద్రవ నైట్రోజన్‌తో పులిపిరిని గడ్డకట్టించడం. కొన్ని సెకన్ల పని. తర్వాత బొబ్బ లేస్తుంది, రెండు మూడు రోజులు గట్టిగానే నొప్పి ఉంటుంది, మన ఛాయకు అక్కడ కొంతకాలం తెల్లమచ్చో నల్లమచ్చో పడవచ్చు. రెండు మూడు వారాలకోసారి చొప్పున చాలాసార్లు వెళ్లాలి. ఖర్చు పెట్టి, నొప్పి భరించి చేయించుకునేది కాబట్టి బాగా పనిచేస్తుందని అనుకుంటాం. చేతుల మీది పులిపిర్లకు పనిచేస్తుంది కూడా. అరికాలి సంగతి వేరు. బ్రిటన్‌లో 240 మంది మీద జరిపి 2011లో ప్రచురించిన పరీక్షలో ఒక వర్గానికి క్రయోథెరపీ, ఇంకో వర్గానికి ఇంట్లో రాసుకునే 50% సాలిసిలిక్ యాసిడ్ ఇచ్చారు. పన్నెండు వారాలకు పూర్తిగా పోయినవాళ్లు రెండు వర్గాల్లోనూ దాదాపు 14 శాతమే. అంతకు ముందు ఏడాది నెదర్లాండ్స్‌లో వెలువడిన పరీక్షలో ఏమీ చేయకుండా వేచి చూసిన మూడో వర్గం కూడా ఉంది. అరికాలి పులిపిర్ల విషయంలో మూడు వర్గాల మధ్యా నికరమైన తేడా రాలేదు.

ఈ అంకెలు చూసి వైద్యమే దండగ అనుకోవద్దు. నొప్పి లేని పులిపిరి పిల్లాడి కాలికి ఉంటే కొన్ని నెలలు ఆగడం కూడా వైద్యమే అని ఇవి ధైర్యం చెబుతున్నాయి. నడిస్తే నొప్పిగా ఉన్నా, సంఖ్య పెరుగుతున్నా సాలిసిలిక్ యాసిడ్‌తో మొదలుపెట్టి, మూడు నెలలకు లొంగకపోతే మిగతావి చూడటం నాకు సబబుగా తోస్తుంది. మొదటి రోజే లేజర్ ప్యాకేజీ చెప్పే చోట మాత్రం కాసేపు ఆలోచించుకుంటామని చెప్పి బయటికి రావడం మంచిది.

గత కొన్నేళ్లలో మన దేశంలో ఎక్కువగా వాడుకలోకి వచ్చినది ఇమ్యునోథెరపీ. శరీరానికి కబురు అందడం లేదన్నదే సమస్య కదా, ఆ కబురు మనమే పంపుదామనే ఆలోచన ఇది. పిల్లలకు వేసే ఎంఎంఆర్ టీకా మందును కొంచెం తీసుకుని, ఉన్నవాటిలో పెద్ద పులిపిరిలోకి ఇంజెక్షన్‌గా ఇస్తారు. మీజిల్స్, గవదబిళ్లలను చిన్నప్పుడే చూసిన రోగనిరోధక కణాలు అక్కడికి పరుగెత్తుకొస్తాయి, వచ్చినప్పుడు పక్కనే ఉన్న పులిపిరి వైరస్ కూడా వాటి కంట పడుతుంది. కొన్ని వారాల తేడాతో కొన్ని డోసులు ఇస్తారు. ఒక్కదానికి ఇంజెక్షన్ ఇస్తే ఇంకో కాలి మీదివి కూడా పోవడం ఇందులో విశేషం. విటమిన్ డి3ని కూడా ఇలాగే పులిపిరిలోకి ఇస్తున్నారు. ఇంజెక్షన్ చేసిన చోట నొప్పి, ఒక రోజు జ్వరం రావచ్చు. ఎంఎంఆర్ బతికున్న వైరస్ ఉన్న టీకా కాబట్టి గర్భిణులకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు ఇవ్వరు. ఆశాజనకంగానే ఉన్నా దీని మీద జరిగినవి ఎక్కువగా చిన్న అధ్యయనాలు.

ఇదే ఆలోచనతో ఇంకా తక్కువ ఖర్చులో జరిగేది ఆటోఇంప్లాంటేషన్. రోగి పులిపిరిలోంచే చిన్న ముక్క తీసి, అతని ముంజేతి చర్మం కిందికి చొప్పిస్తారు. పై పొరలో దాక్కున్న వైరస్‌ను రక్తం తిరిగే చోటికి తెచ్చి చూపించడం అన్నమాట. ఖరీదైన యంత్రం ఏదీ అక్కర్లేదు, చిన్న ఊళ్లో ఉన్న చర్మ వైద్యులు కూడా చేయగలరు. ఎన్నో పులిపిర్లున్నవాళ్లు దీని గురించి తప్పకుండా అడిగి చూడాలి.

బ్లియోమైసిన్ అనే మందును పులిపిరిలోకి ఎక్కించడం దేనికీ లొంగనివాటి కోసం. నొప్పి ఎక్కువ, గర్భిణులకు కూడదు.

కోసి తీయడం, కరెంటుతో కాల్చడం, లేజర్ కూడా ఉన్నాయి. ఒక్క సిట్టింగ్‌లో అయిపోతుందని వీటి మీద మోజు ఎక్కువ. వీటిలో ఇబ్బంది మచ్చ. చేతి మీద మచ్చ పడితే చూడ్డానికే బాగోదు, అరికాల్లో లోతుగా మచ్చ పడితే ప్రతి అడుగుకీ నొప్పి పెట్టవచ్చు, దానికి వైద్యం పులిపిరి కన్నా కష్టం. పైగా చుట్టూ మామూలుగా కనిపించే చర్మంలో వైరస్ మిగిలిపోయి మచ్చ అంచునే మళ్లీ పులిపిరి మొలవడం ఉంది. అందుకే ఇవి చివరి మెట్టు.

ఇతరులకు అంటకుండా చూసుకోవడం గురించి భయపడినంత చేయాల్సిన పని లేదు. ఈతకొలను, గుడి, వ్యాయామశాల అని బయటి చోట్లను తిట్టుకుంటాం. నెదర్లాండ్స్‌లో బడిపిల్లల మీద జరిగిన పరిశీలనలో మాత్రం ఇంట్లో ఎవరికైనా ఉండటం, తరగతిలో చాలామందికి ఉండటమే ఎక్కువ ప్రభావం చూపింది. కాబట్టి ఇంట్లో ఒకరి చెప్పులు ఒకరు వేసుకోకుండా, పాదాలు తుడుచుకునే తువ్వాలు వేరు చేసి, పులిపిరి మీద ప్లాస్టర్ ఉంచితే చాలు. హాస్టల్ పిల్లలు ఉమ్మడి బాత్రూముల్లో స్లిప్పర్లు వేసుకోవాలి. బూట్లలో పాదాలు బాగా చెమర్చేవాళ్లు సాక్సులు రోజూ మార్చాలి, నానిన చర్మంలోకి వైరస్ తేలిగ్గా దూరుతుంది.

ఇంట్లో చెయ్యి పెట్టకూడని పాదాలు

షుగర్ ఉన్నవాళ్లు పైన చెప్పిన ఇంటి వైద్యం సొంతంగా మొదలుపెట్టకూడదు. దేశంలో సుమారు 10 కోట్ల మందికి మధుమేహం ఉందని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం అంచనా వేసింది, అంటే ఇది ఎవరో కొందరి కోసం రాసే జాగ్రత్త కాదు. షుగర్ ఏళ్ల తరబడి ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, రక్తప్రసారం మందగిస్తుంది. యాసిడ్ మంచి చర్మాన్ని తినేస్తున్నా తెలియదు, ఆ పుండు మానదు. కార్న్ క్యాప్ పెట్టుకోవడంతో మొదలై వేలు తీసేయాల్సినంత దాకా పోయే ప్రమాదం ఇలాంటి పాదాలకే ఉంది. కుష్టు వల్ల అరికాలు మొద్దుబారినవాళ్లకూ, కాళ్లలో రక్తనాళాలు మూసుకుపోయినవాళ్లకూ ఇదే మాట. వీళ్లకు మెడికల్ షాపు వైద్యం వద్దు, డాక్టరు పాదం చూసి చెప్పాకే ఏదైనా.

పులిపిరి అనుకున్నదల్లా పులిపిరి కాకపోవడం కూడా ఉంది. పొలంలో వట్టి కాళ్లతో తిరిగేవాళ్లకు ఎప్పుడో విరిగి లోపల ఉండిపోయిన తుమ్మ ముల్లు చుట్టూ తోలు గట్టిపడి అచ్చం ఇలాగే కనిపిస్తుంది. పాదం వాచి, చిన్న రంధ్రాల్లోంచి చీముతో పాటు నూకల్లాంటి గింజలు కారుతుంటే అది మదురై పేరు మీద మదురా ఫుట్ అని పిలిచే వేరే జబ్బు, ఆలస్యం చేస్తే ఎముకల దాకా పోతుంది. అన్నిటికన్నా జాగ్రత్తపడాల్సింది పెద్ద వయసులో అరికాల్లో కొత్తగా వచ్చిన ఒంటరి మచ్చ విషయంలో. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మనవాళ్లలో అరుదే అయినా, వచ్చినప్పుడు తరచుగా అరికాల్లోనో గోటి కిందో వస్తుంది. పులిపిరిలో చుక్కలు విడివిడిగా, చిన్నగా ఉంటాయి. నలుపో ముదురు గోధుమ రంగో ఒకే మచ్చలా పరుచుకుని, అంచులు వంకరటింకరగా ఉండి, నెలనెలా పెరుగుతున్నా, మూడు నెలల వైద్యానికి కాస్త కూడా మారకపోయినా, దానంతటదే రక్తం కారుతున్నా దాన్ని కాల్చనివ్వకండి, గడ్డకట్టించనివ్వకండి. ముందు చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపమని అడగండి. కాల్చేశాక పరీక్షకు పంపడానికి అక్కడ ఏమీ మిగలదు.